రెండు చెంచాల నీళ్ళు

రాత్రి ఎనిమిదింటికి చోడి అంబలి తాగింది నా నీలవేణి.
ఆ తర్వాత మెతుకు లేదు.
మరి ఈ కక్కుతున్నది ఏటి?
మొదటిసారి తెల్లటి నురగ,
రెండోసారి పచ్చటి పసరు,
మూడోసారి ఏమీ లేదు,
ఒట్టి శబ్దం.
నీళ్ళింకిన నూతిలోకి చేద దిగి
అడుగు రాయికి తగిలినట్టు.

స్టీలు ట్రే నా చేతిలో ఉంది.
దాని వంకలో నా బిడ్డ గడ్డం సరిగ్గా సరిపోతుంది.
చేసినోడెవడో గానీ
పిల్లల్ని కన్నవాడే అయ్యుంటాడు.

విజయనగరం కంటాసుపత్రి, రెండో అంతస్తు.
కిటికీలోంచి కోట గోడ కొంచెం కనిపిస్తుంది.
నీలవేణి ఎడమ కంటి మీద అరచెయ్యంత దూది.
ఆ కన్ను ముక్కువైపు దొర్లిపోతుందని
బళ్ళో పిల్లలు పెట్టిన పేర్లు ఇక్కడ చెప్పను.
ఒక కన్ను నాతో మాట్లాడుతుంటే
ఇంకో కన్ను తన ముక్కుతో మాట్లాడేది.
కండని కోసి, వెనక్కి జరిపి కుట్టారట.
గంట పట్టిందన్నారు.
బయట నాకు మూడు షిఫ్టులు గడిచాయి.

"అయ్యా, నీ చొక్కా" అంది కళ్ళు తెరవకుండానే.
ముందు అర్థం కాలేదు.
"కంపు."

నెల్లిమర్ల మిల్లులో పదహారేళ్ళు.
జనపనార మెత్తబడ్డానికి కొట్టే నూనె
ఉతికినా పోదు, ఎండేసినా పోదు.
దీని బియ్యం, దీని పలక, దీని కాలి పట్టీలు
అన్నీ ఆ వాసనలోంచే వచ్చాయి.
ఈవేళ అదే దాని గొంతులో వేలు పెట్టింది.
చొక్కా విప్పి సంచిలో కుక్కీసాను.
ఏసీ గదిలో బనీనుతో కూర్చున్నాను.

నాలుగోసారి.
ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

పొద్దున్న నాలుగింటికి దాహమని లేచింది.
"వద్దన్నారు కదే" అన్నాను.
పెదాలు నాక్కుంటూ నా వైపు చూసింది,
ఆ ఒక్కసారి రెండు కళ్ళతో, నా వైపే చూసినట్టనిపించింది.
రెండు చెంచాల నీళ్ళు పోసీసాను.
"ఏటైనా ఇచ్చారా?" అని మత్తు డాక్టరు అడిగితే
లేదన్నాను.
కాయితం మీద సంతకం పెట్టాను.
వాళ్ళు తలుపు మూసుకున్నాక
ఆ నీళ్ళు నా గొంతులోనే నిలబడిపోయాయి.

ఎస్తేరు సిస్టరు సెలైను గొట్టంలోకి
వాంతుల మందు ఎక్కిస్తుంటే చెప్పీసాను.
ఆవిడ చెయ్యి ఆపలేదు.
"ఎన్నింటికి?"
"నాలుగుకి."
"ఆపరేషను?"
"పదికి."
వేళ్ళు మడిచి లెక్కేసింది.
"అవెప్పుడో ఇంకిపోయుంటాయి.
కంటి కండ లాగితే కడుపు తిరుగుతాది,
రెండింటికీ లోపల్లోపల చుట్టరికం.
పైన మత్తుమందొకటి.
బస్సు పడదేటి నీ కూతురికి?"
"పడదమ్మా. కోరుకొండ రాకముందే..."
"మరదే. నీ నీళ్ళు కావు."

గుండెల్లో ఏదో దిగింది.
ఆవిడ తలుపుదాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది.
"గానీ నాయినా,
నీళ్ళకంటే నువ్వన్న ఆ 'లేదు' ఎక్కువ ప్రమాదం.
ఇంకోసారి దాచకు."
తల దించుకున్నాను.
బనీను మీద పసరు మరక.

దీపాలు పెట్టే వేళకి ఒక చెంచా ఇవ్వమన్నారు.
ఇచ్చి, పావుగంట ఆగమన్నారు.
గోడ గడియారం ముల్లుని కళ్ళతో తోశాను.
అది గుటక వేసింది. దాని గొంతు కదిలితే
నా గొంతూ కదిలింది.
పావుగంట. ట్రే ఖాళీ.
ఇంకో చెంచా.
పొద్దున్న నేను దొంగలా పోసిన ఆ రెండు చెంచాలే
ఇప్పుడు అందరి ఎదట పోశాను.

మర్నాడు దూది తీశారు.
ఎర్రగా చింతనిప్పులా ఉన్న కన్ను
మెల్లగా తెరిచి
నన్ను చూసింది, నా పక్కన గాలిని చూసింది.
"ఒలయ్య! ఇద్దరున్నావేటి?"
నాలుగు రోజుల్లో ఒక్కడే అవుతాడన్నారు డాక్టరమ్మ.
"పోన్లే, ఒకడు మిల్లుకెళ్తాడు,
ఒకడు నీ దగ్గరుంటాడు" అన్నాను.
"ఇద్దరికీ చొక్కాల్లేవు" అని నవ్వింది.
నవ్వు మధ్యలో గొంతు ఎగిరిపడింది.

నా చెయ్యి దానంతటదే ట్రే కోసం తడుముకుంది.

ఎక్కిలే.